ముప్పై ఒకటో రన్

సెప్టెంబర్ 9, మంగళవారం

ఈ నోటుపుస్తకం ఆఫీసులో రన్‌ల పట్టికలు రాసుకుందామని కొన్నది. ఇంటికి తెచ్చేశాను.

పొద్దున ఎనిమిదింపావుకి మరదలు ఫోన్ చేసింది. "వదినా, టీవీ పెట్టకండి. నేను వచ్చి అత్తయ్యకి చెప్పేదాకా పెట్టకండి" అంది. పెట్టకండి అంటే ఎవరు ఊరుకుంటారు? పెట్టాను. అమ్మ కూడా చూసింది.

నది మలుపులో పడవలు బాగుచేసే రేవు ఉంది. నీళ్ళు బాగా తగ్గిన రోజుల్లో పడవల్ని అక్కడ దుంగల మీద నిలబెట్టి అడుగున రంగులేస్తారు. పొద్దున ఏడున్నర దాటాక ఒక పెద్ద అల వచ్చి పడవని దుంగల మీంచి లేపి కింద పడేసింది. కింద రంగులేస్తున్న ఆవిడ కాలు దాని కింద పడింది. మోకాలి కిందికి తీసేశారు.

ఆ అల తమ్ముడు నడిపే ఓడదంటున్నారు. మూడు వారాల క్రితం మొదలైన కొత్త ఫెర్రీ. ఆ పొద్దుటి ట్రిప్పు వాడిదే.

మీటరు పైన అల అంటున్నారు. రాదు. ఆ ఓడకి అనుమతి ఇచ్చే ముందు అలల లెక్క కట్టింది నేనే. గరిష్ఠ వేగం ఇరవై నాలుగు నాట్లు, గంటకి నలభై నాలుగు కిలోమీటర్లు. నీళ్ళు బాగా తగ్గినప్పుడు అంత వేగంలో వెళ్ళినా ఆ రేవు దగ్గర లేచే అల ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు. రిపోర్టులో ఆరో పట్టిక. మూడుసార్లు సరిచూసుకున్నాను.

అంటే వాడు ఇరవై నాలుగు దాటి వెళ్ళి ఉండాలి.


సెప్టెంబర్ 10

తమ్ముడు వచ్చాడు. ఉద్యోగంలోంచి తాత్కాలికంగా ఆపేశారట. చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, పరాయింటికి వచ్చినట్టు.

అమ్మ అన్నం పెడతానంది. తిన్నాను అన్నాడు. తినలేదని ముఖమే చెబుతోంది.

"ఎంతలో వెళ్ళావు?" అన్నాను.

"ఇరవైలో."

"నన్ను చూసి చెప్పు."

"చూసే చెబుతున్నాను. మలుపు వచ్చేసరికి రోజూ ఇరవైకి తగ్గిస్తాను. అక్కడ చిన్న పడవలుంటాయి, మనుషులుంటారు. నిన్నా తగ్గించాను."

"ఇరవైలో మీటరు అల రాదురా."

"వచ్చింది కదా."

"ఓడ వేగం నమోదు చేసే పెట్టెలో ఏముంది?"

"ఆ పెట్టె ఇంకా బిగించలేదు. వచ్చే నెల బిగిస్తామన్నారు."

ఏమీ అనకుండా ఉండాల్సింది. "చూడు, నిజం చెబితే నీకే మంచిది. తొందరలో ఉండి కాస్త ఎక్కువ లాగి ఉంటావు. ఎవరికైనా జరుగుతుంది" అన్నాను.

వాడు నావైపు చాలాసేపు చూశాడు. నలభై రెండేళ్ళవాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ నాతో మాట్లాడటం లేదు.


సెప్టెంబర్ 11

ఫెర్రీ లెక్కల్లో 31వ రన్ గురించి ఆలోచించాల్సిన పని లేదు. అది లెక్కలో వచ్చిన చిక్కు. నీళ్ళలో వచ్చింది కాదు.


సెప్టెంబర్ 12, శుక్రవారం

డైరెక్టర్ గారు పిలిచారు. రేవుల బోర్డు విచారణ వేసిందనీ, మన రిపోర్టు అడిగిందనీ చెప్పారు. ఆయన బల్ల మీద నా రిపోర్టు తెరిచి ఉంది, ఆరో పట్టిక దగ్గర.

"నీ పట్టిక చాలా స్పష్టంగా ఉంది. ఇరవై నాలుగులో ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు. వచ్చింది మీటరు పైన. అంటే కెప్టెన్ హద్దు దాటాడు. విచారణ అధికారి కూడా అదే అన్నారు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మీ తమ్ముడని తెలుసు. రిపోర్టు రాసిన రోజుకి అతను ఆ ఓడలో లేడు కాబట్టి మనకి ఇబ్బంది లేదు. నువ్వు మాత్రం ఇందులో దూరకు" అన్నారు.

నిజమే. అప్పటికి వాడు ఇసుక బార్జి నడిపేవాడు. ఫెర్రీకి దరఖాస్తు పెట్టమన్నది నేనే. "అలల సంగతి నేను చూశానురా, భయంలేదు" అని కూడా అన్నాను. ఈ మాట ఇవాళ గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక అమ్మ రెండు రోజుల తర్వాత నోరు విప్పింది.

"నీ కంప్యూటర్లో ఓడ వెళ్తుందా?"

"ఓడ వెళ్ళదమ్మా. ఓడ బరువంత ఒత్తిడి నీళ్ళ మీద జరుగుతూ పోతుంది. నీళ్ళని చిన్న చిన్న గళ్ళుగా కోస్తాం. ఒక్కో గడిలో నీరు ఎంత లేచింది, ఎటు కదిలింది అని లెక్క కడతాం. ఒక్కసారి మొదలుపెట్టి చివరిదాకా కడితే దాన్ని ఒక రన్ అంటాం."

"ఎంత వేగం అది, ఇరవై నాట్లా?" అమ్మకి ఇన్నేళ్ళయినా నాట్లంటే వరినాట్లే. ఎప్పుడూ నవ్వుతూ అనేది. ఇవాళ నవ్వలేదు.

"ఆ."

"మరి నీ గళ్ళలో మీ తమ్ముడున్నాడా?"

"వాడెందుకుంటాడు?"

"అదే చెబుతున్నాను" అని లోపలికెళ్ళింది.


సెప్టెంబర్ 14, ఆదివారం

బీరువా సర్దాను. కర్టెన్లు ఉతికాను. ఫ్యాను రెక్కలు తుడిచాను. ఇంక తుడవడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు.


సెప్టెంబర్ 16

ఆసుపత్రికి వెళ్ళాను. ఎందుకెళ్ళానో వెళ్ళేటప్పుడు తెలియదు. పరామర్శకి అనుకున్నాను. నిజానికి, ఓడ చాలా వేగంగా వచ్చిందని ఆవిడ నోట వినాలని వెళ్ళాను. అలా వింటే నా పట్టిక నిలబడుతుంది. సొంత తమ్ముడి మీద సాక్ష్యం కోసం వెళ్ళాను, పళ్ళు పట్టుకుని.

ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం. యాభై ఐదేళ్ళుంటాయి. గోళ్ళ చుట్టూ ఎర్ర రంగు ఇంకా పోలేదు. దుప్పటి ఒకవైపు పల్చగా పడి ఉంది. అటు చూడకూడదనుకుంటూ అటే చూశాను.

"చూడండి, పర్లేదు. అందరూ చూస్తున్నారు. నేనే ఇంకా సరిగా చూళ్ళేదు" అంది. "మీరెవరు? పేపరా?"

"కాదు. నీళ్ళ లెక్కలు కట్టే ఆఫీసు."

"అయితే చెప్పండి, ఓడ అంత దూరం పోయాక అల ఎలా వచ్చిందో. ఇక్కడ ఎవర్నడిగినా నా బీపీ చూస్తున్నారు."

"ఎంత దూరం పోయాక?"

"కంటికి ఆనట్లేదు. ఓడ పోయింది, నేను ఒక పట్టె మొత్తం రంగేశాను. అంటే ఎనిమిదో తొమ్మిదో నిమిషాలు. నా చేతికి లెక్క తెలుసు. అప్పుడు ముందు నీళ్ళు వెనక్కి పోయాయి. ఎవరో కిందనుంచి లాగేసినట్టు. బురద బయటపడింది, చేపపిల్లలు ఎగురుతున్నాయి. ఇదేంటబ్బా అని చూస్తున్నా. అలా చూడకుండా పరిగెత్తాల్సింది." దిండు సరిచేసుకుంది. "తర్వాత వచ్చింది. విరగలేదు, నురగ లేదు. నీళ్ళు నిలువునా లేచి నడిచొచ్చినట్టు వచ్చింది."

నా చేతిలో పళ్ళసంచీ అలాగే ఉంది. కింద పెట్టడం మరిచిపోయాను.

"ఓడ... బాగా వేగంగా వెళ్ళిందా?"

"లేదే! ఆ ఓడబ్బాయి మా రేవు దగ్గరికొచ్చేసరికి నెమ్మదిస్తాడు. ఇంజను మోత దిగడం వినబడుతుంది. మొదటి వారం అంత మోతేసుకుని పోయేవాడు, మా వాళ్ళు చేతులూపి తిట్టారు. అప్పట్నుంచీ తగ్గిస్తున్నాడు. ఆ రోజూ తగ్గించాడు. అందుకే కదా నేను పడవ కిందే ఉన్నాను, లేకపోతే బయటికొచ్చి నిలబడేదాన్ని."

"ఈ మాట విచారణవాళ్ళకి చెప్పారా?"

"చెప్పాను. నొప్పికి మందిచ్చారు కదా, మత్తులో ఉన్నారన్నారు."

నేనెవరో చెప్పలేదు. పళ్ళు పెట్టి వచ్చేశాను. మెట్లు దిగుతూ ఆవిడ మాటలు మళ్ళీ వల్లె వేసుకున్నాను. ఓడ కనబడకుండా పోయాక, ముందు నీళ్ళు వెనక్కి లాగి, తర్వాత విరగకుండా నిలువునా లేచే అల. చదువు లేని మనిషి చెప్పింది. అది ఏ అలో నాకు తెలుసు. వేగం ఎక్కువైతే వచ్చే అల కాదు.


సెప్టెంబర్ 17

రాసేస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

పోయినేడాది నలభై రన్‌లు వేసుకున్నాను. ఎక్కువ వేగం, తక్కువ వేగం, మధ్య వేగాలు. నీళ్ళు నిండినప్పుడు, సగమున్నప్పుడు, బాగా తగ్గినప్పుడు. 31వది ఇరవై నాట్లు, నీళ్ళు బాగా తగ్గినప్పుడు. అది పేలింది. పేలడమంటే లెక్క మధ్యలో అంకెలు అదుపు తప్పి, అలల ఎత్తు కొండలంత చూపించి, ప్రోగ్రాం ఆగిపోవడం. అలా అప్పుడప్పుడూ అవుతుంది. గళ్ళు పెద్దవైతే అవుతుంది. గళ్ళు చిన్నవి చేసి మళ్ళీ నడపాలి. నడిపితే నాలుగు రోజులు పడుతుంది. రిపోర్టు ఇవ్వడానికి రెండు రోజులుంది.

ఇరవై నాలుగులో ముప్పై ఎనిమిది సెంటీమీటర్లే వచ్చింది కదా, ఇరవైలో ఇంకా తక్కువే వస్తుంది అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ నేను ఎవరైనా కాదు. నీటి లోతును బట్టి అలకి ఒక వేగముంటుంది. ఓడ దానికంటే బాగా నెమ్మదిగా వెళితే అల పక్కకి జరిగి చెదిరిపోతుంది. బాగా వేగంగా వెళితే అల వెనకబడిపోతుంది. సరిగ్గా అదే వేగంలో వెళితే రెండూ ఒకదాన్నొకటి వదలవు. ఓడ నెడుతూనే ఉంటుంది, అల పెరుగుతూనే ఉంటుంది. మలుపులో ఓడ పక్కకి తిరిగిపోయాక ఆ అల రేవు ముందు లోతు తక్కువ నీళ్ళలో నెమ్మదిగా ఒడ్డుకొస్తుంది. నీళ్ళు బాగా తగ్గినప్పుడు ఆ మలుపు లోతు పదకొండు మీటర్లు. పదకొండు మీటర్ల లోతులో అల వేగం ఇరవై నాట్లకి రవ్వంత ఎక్కువ.

ఇది కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారం నేను చెప్పే పాఠం. ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను.

31నీ, దాని పక్క వేగాల్లో అలాగే పేలిన 32, 33నీ పెన్సిలుతో కొట్టేసి, "మధ్య వేగాలు గరిష్ఠ వేగం కంటే సురక్షితం" అని ఒక్క వాక్యం రాశాను. ఆ వాక్యాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. చక్కగా ఉంది మరి.


సెప్టెంబర్ 18

31 మళ్ళీ వేశాను. గళ్ళు సగానికి సగం చేశాను. ఈసారి కొత్త మిషన్ మీద, ఒక్క రోజు చాలు.


సెప్టెంబర్ 19, శుక్రవారం

పొద్దున ఆఫీసు తలుపులు తీయకముందే వెళ్ళాను. పేలలేదు.

రేవు దగ్గర పెట్టిన బిందువులో గీత తొమ్మిదో నిమిషం దాకా దాదాపు చదునుగా ఉంది. తర్వాత కిందికి జారింది, అరవై సెంటీమీటర్లు. తర్వాత లేచింది. మామూలు మట్టం మీద మీటరూ పద్దెనిమిది సెంటీమీటర్లు.

నాకు ముందు వచ్చింది సంతోషం. వాడు అబద్ధమాడలేదని. ఆ వెంటనే ఆవిడ దుప్పటి గుర్తొచ్చింది. ఇంక ఆ గీత వైపు చూడలేకపోయాను.

డైరెక్టర్ గారికి చూపించాను. కళ్ళజోడు తీశారు, పెట్టుకున్నారు, తీశారు. చెడ్డమనిషి కాదు. రిపోర్టు మీద ఆయన సంతకం కూడా ఉంది.

"పది రోజులు ఊరుకుని, తమ్ముడి మీదకి వచ్చాక లెక్క మార్చావంటారు. ఈ సంస్థలో దీన్ని ఎవరూ అలల లెక్క అనరు. అక్కలెక్క అంటారు" అన్నారు.

"తప్పు చేసింది నేను కదా సార్. అది చెప్పొద్దా?"

"చెప్పొద్దనలేదు. నువ్వు చెబితే నమ్మరంటున్నాను. నీ ఉద్యోగం పోతుంది, అతనికీ ఒరిగేదేం లేదు."

ఆయన అన్నదాంట్లో ఒకటి నిజం, నేను చెబితే నమ్మరు. ఆలోచించాలి.


సెప్టెంబర్ 20

గళ్ళచొక్కాకి ఫోన్ చేశాను. ఆరేళ్ళు నా దగ్గర పనిచేసి, నాతో పోట్లాడి వేరే సంస్థకి వెళ్ళినవాడు. అప్పుడూ ఇప్పుడూ గళ్ళచొక్కాలే. వాళ్ళ దగ్గర ఉన్న ప్రోగ్రాం వేరు, నాది వేరు. నది లోతుల పటం, ఓడ కొలతలు, పన్నెండు నుంచి ఇరవై ఆరు దాకా వేగాల జాబితా పంపాను. నాకొచ్చిన జవాబు చెప్పలేదు. ఎందుకో కూడా చెప్పలేదు.

"మేడమ్, మీరు నన్ను పని అడుగుతున్నారా? ఇవాళ డైరీలో రాసుకోవాలి" అన్నాడు.

నేను రాసుకుంటున్నాను.


సెప్టెంబర్ 23

గళ్ళచొక్కా ఫోన్. నమస్కారం కూడా లేదు.

"మేడమ్, ఇరవైలో మీ ఓడ అల ఒడ్డెక్కేసింది. పొరపాటేమో అని రెండుసార్లు నడిపాను. మీటరు పది, మీటరు ఇరవై మధ్య. పద్నాలుగులో ఏమీ లేదు, ఇరవై నాలుగులో నలభై సెంటీమీటర్లు. ఇది ఆ రేవు సంగతేనా?"

"అవును."

"నా పేరు పెట్టుకోండి. సంతకం పెట్టి పంపిస్తాను" అన్నాడు. నేను అడగలేదు.


సెప్టెంబర్ 24

విచారణ రేవుల బోర్డు ఆఫీసులో, మూడో అంతస్తు. తమ్ముడు ముందు వరసలో, తెల్ల యూనిఫాం వేసుకుని. పక్కన మరదలు. నన్ను చూసి వాడు తల తిప్పుకున్నాడు. నేను వాడి మీద సాక్ష్యం చెప్పడానికి వచ్చాననుకున్నాడు. అనుకోడా మరి.

డైరెక్టర్ గారికి పొద్దునే చెప్పాను. "నీ ఇష్టం" అన్నారు. కాసేపటికి తనే కారులో తీసుకొచ్చారు.

విచారణ అధికారి నెమ్మదస్తురాలు, కలం మూత పెడుతూ తీస్తూ ఉంటుంది. ఆరో పట్టిక చదివి, ఇది మీదేనా అని అడిగింది.

"నాదే. తప్పు" అన్నాను.

గదిలో కుర్చీలు కదిలిన చప్పుడు. 31వ రన్ గురించి చెప్పాను. పేలిందని, రెండు రోజులే ఉందని, కొట్టేశానని, దాని బదులు ఒక వాక్యం రాశానని. చెబుతుంటే ఎంత చిన్న సంగతిలా ఉందో. పెన్సిలుతో అడ్డంగా గీసిన మూడు గీతలు.

"మీరు కెప్టెన్‌కి అక్క కదా?"

"అవునండి. కాబట్టి నా మాట నమ్మకండి. వేరే సంస్థ లెక్క ఉంది, సంతకంతో. దాన్నీ నమ్మకండి. ఆటుపోట్ల లెక్క ప్రకారం అక్టోబర్ తొమ్మిదిన మళ్ళీ నీళ్ళు అంతే తగ్గుతాయి. రేవు ఖాళీ చేయించి ఆ ఓడనే నడిపించి చూడండి. కొలకర్రలు పాతుదాం. ఎవరికి ఏది కనబడితే అది రాసుకుందాం."

"మీ లెక్క తప్పితే?"

"రెండోసారి కూడా తప్పానని రాయండి."

కలం మూత పెట్టింది. ఈసారి తీయలేదు. సరే అంది.

బయట వరండాలో మరదలు నా చెయ్యి పట్టుకుంది. తమ్ముడు మెట్లు దిగిపోయాడు.


సెప్టెంబర్ 29

తమ్ముడు ఫోన్ తీయడం లేదు. అమ్మ ఫోన్ అయితే తీస్తాడు. అమ్మ ఫోన్‌తో చేయాలనిపించింది. చేయలేదు.


అక్టోబర్ 9, గురువారం

ఇంటికి రాగానే రాస్తున్నాను.

రేవు ఖాళీ. పడవలన్నీ పైకి లాగేశారు. బురదలో అయిదు కొలకర్రలు, ఎరుపూ తెలుపూ చారలతో. ఒక దుంగల వరస మీద పనికిరాని పాత పడవ ఒకటి నిలబెట్టారు. గట్టు మీద అధికారి, బోర్డు మనుషులు, డైరెక్టర్ గారు, గళ్ళచొక్కా, రేవులో పనిచేసేవాళ్ళంతా. ఓడ వేరే కెప్టెన్ నడిపాడు. తమ్ముడు గట్టు చివర ఒక్కడే నిలబడ్డాడు.

మొదట ఇరవై నాలుగు. ఓడ మోతగా పోయింది. అల వచ్చింది, కొలకర్ర మీద నలభై ఒకటి. పాత పడవ కదల్లేదు. రేవు మనుషులు నావైపు చూశారు. అంత వేగంలోనే ఇంతేనా అని.

రెండోసారి పద్నాలుగు. ఏమీ లేదు. బాతులు కూడా పట్టించుకోలేదు.

మూడోసారి మలుపుకి ముందు ఇరవైకి తగ్గించారు. ఇంజను మోత దిగింది, ఆవిడ చెప్పినట్టే. ఓడ మర్యాదగా, మెల్లగా దాటిపోయింది. ఎవరికైనా ముచ్చటేస్తుంది, ఎంత బాధ్యతగల కెప్టెనో అని. నది మళ్ళీ చదునైంది. అయిదు నిమిషాలు. ఏడు. బోర్డు మనిషి ఒకాయన ఫోన్ తీసి చూసుకుంటున్నాడు. ఎనిమిది. నేను తప్పానేమో అనుకున్నాను. సగం మనసు తప్పాలనే కోరుకుంది.

అప్పుడు నీళ్ళు వెనక్కి వెళ్ళాయి. చప్పుడు లేకుండా. బురద మెరిసింది. ఎవరో "అమ్మో" అన్నారు.

కొలకర్ర మీద మీటరూ పద్నాలుగు సెంటీమీటర్లు. పాత పడవ లేచి, ఒక పక్కకి తిరిగి, దుంగల మీద పడి విరిగింది. విరిగిన చప్పుడుకి అందరం ఒక అడుగు వెనక్కి వేశాం. అధికారి కలం కింద పడింది.

ఇరవై రెండేళ్ళలో నా లెక్క ఇంత సరిగ్గా ఎప్పుడూ రాలేదు.

అందరూ మాట్లాడుకుంటున్నారు, తమ్ముడి భుజం తడుతున్నారు. వాడికి వినబడటం లేదు. విరిగిన పడవనే చూస్తున్నాడు. దగ్గరికెళ్ళాను. నెల తర్వాత నాతో మొదటిసారి మాట్లాడాడు.

"అంటే నేనే కదక్కా."

"ఏంటి?"

"తగ్గించకుండా పోయుంటే ఆవిడ కాలు ఉండేది. తగ్గించబట్టే..."

ఇది నాకు తట్టలేదు. నెల రోజులుగా అన్ని గీతలూ చూశాను గానీ ఇది తట్టలేదు.

"కాదురా. నువ్వు మనుషుల్ని చూసి తగ్గించావు. ఎంతకి తగ్గించాలో చెప్పాల్సింది నేను. చెప్పి ఉంటే పద్నాలుగుకి తగ్గించేవాడివి. తగ్గించేవాడివా కాదా?"

తలూపాడు. ముఖం చేతుల్లో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను. వీపు మీద చెయ్యి వేద్దామనుకున్నాను. వేశాను. వాడు తీసెయ్యలేదు.


అక్టోబర్ 11

తమ్ముడూ నేనూ ఆవిడ దగ్గరికి వెళ్ళాం. ఇంటికి పంపేశారు. కింద అంతస్తులో ఒకటే గది, చేతికర్రలు మంచానికి ఆనించి ఉన్నాయి. ఈసారి నేనెవరో చెప్పాను. పెన్సిలు గీతలతో సహా.

ఆవిడ వాడి వైపు చూసింది. తమ్ముడు ఏడుస్తున్నాడు, చప్పుడు లేకుండా.

"ఆ అబ్బాయి మీద నాకు ముందునుంచీ కోపం లేదు" అంది. "మీ మీద ఉంది. ఇప్పుడొచ్చింది. పళ్ళు తెచ్చిన రోజే చెప్పి ఉంటే ఆ రోజే వచ్చేది."

"ఉండాలి."

"ఉంటే ఉంటుందిలెండి, మీరు ఒప్పుకోనక్కర్లేదు." దుప్పటి సర్దుకుంది. "ఎంత వేగంలో పోవాలో ఇప్పుడు తెలిసిందా?"

"తెలిసింది. నీళ్ళు తగ్గిన రోజుల్లో మలుపు దగ్గర పద్నాలుగు దాటకూడదు. బోర్డు ఉత్తర్వు వచ్చింది."

"ఆ కాగితం ఓడలో ఉంటుంది. పడవ కింద పడుకున్నవాళ్ళకి ఎవరు చెబుతారు?"

చేతికర్రతో నేల మీద కొట్టింది.

"సైరన్ పెట్టించండి. ఓడ దాటగానే మోగాలి, పది నిమిషాలు ఎవరూ పడవ కిందికి పోకూడదు. అది పెట్టించాక రండి. అప్పుడు టీ ఇస్తాను."

ఇవాళ టీ ఇవ్వలేదు.


అక్టోబర్ 17

రిపోర్టు వెనక్కి తీసుకున్నారు. విభాగం బాధ్యత నా దగ్గర్నుంచి తీసేశారు. ఏడాదిపాటు నా పేరు మీద ఏ రిపోర్టూ వెళ్ళదు. ఉద్యోగం ఉంది. డైరెక్టర్ గారు తన మీదకి కూడా కొంత తీసుకున్నారట, గళ్ళచొక్కా చెప్పాడు. తను చెప్పలేదు.

కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారం పాఠం మాత్రం నన్నే చెప్పమన్నారు. ఇవాళ చెప్పాను. 31వ రన్ నుంచి మొదలుపెట్టాను.


అక్టోబర్ 28

సైరన్ పెట్టారు. బోర్డు చుట్టూ తొమ్మిదిసార్లు తిరిగాను. ఆవిడకి కబురు చేశాను. వచ్చే వారం రమ్మంది.


నవంబర్ 2, ఆదివారం

తమ్ముడు వచ్చాడు. రేపటినుంచి డ్యూటీ. అమ్మ పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. అమ్మ ఎదురుగా కూర్చుని వాడు నమలడం చూసింది.

తర్వాత వాడూ నేనూ వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నాం.

"అక్కా, ఒక మాట అడగనా? కోపం కాదు."

"అడుగు."

"నేను ఇరవై అని చెప్పాను. నువ్వు నమ్మలేదు. కంప్యూటర్ ఇరవై అంది. నమ్మావు."

గిన్నె తుడుస్తూనే ఉన్నాను. ఎప్పుడో ఆరిపోయింది ఆ గిన్నె.

పట్టిక నాది కాబట్టి అని చెప్పొచ్చు. ఎవరైనా అలాగే అనుకుంటారని చెప్పొచ్చు. అవన్నీ ఇదివరకు వాడేసిన వాక్యాలే.

"అవునురా. నమ్మలేదు. పెట్టె లేకపోయినా, పట్టిక ఏమన్నా, నువ్వు అబద్ధం చెప్పేవాడివి కాదని నాకు తెలిసి ఉండాలి. తెలుసు కూడా. అయినా నమ్మలేదు. నిన్ను నమ్మితే నేను తప్పని ఒప్పుకోవాలి, అందుకు."

వాడు గిన్నె నా చేతిలోంచి తీసుకుని అరలో పెట్టాడు.

"రేపు మొదటి ట్రిప్పు ఏడింటికి. అమ్మని తీసుకురా. ముందు వరస ఖాళీగా ఉంటుంది."


నవంబర్ 3

వెళ్ళాం. పొగమంచు. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది, కొంగు తల చుట్టూ బిగించుకుని.

మలుపు దగ్గర ఇంజను మోత దిగింది. బాగా దిగింది. వెనక వరసలో ఎవరో, "దిగి తోస్తే దీనికంటే ముందు చేరతాం" అన్నారు, నలుగురు నవ్వారు. రేవులో సైరన్ మోగింది. రంగు డబ్బాలవాళ్ళు పడవల కిందినుంచి బయటికొచ్చి నిలబడ్డారు, ఒకతను చెయ్యెత్తాడు. పైన తమ్ముడు చిన్నగా హారన్ కొట్టాడు.

"ఎంతలో పోతున్నామే?" అంది అమ్మ.

జేబులో ఫోన్ ఉంది. తీస్తే దశాంశంతో సహా చెబుతుంది. తియ్యలేదు.

"వాణ్ణడుగమ్మా. వాడేది చెబితే అది" అన్నాను.